చుట్టాల సబ్బు

భావితరాల మహాజనులారా, చరిత్రకారులారా, పొరపాటున ఈ ఫైలు తెరిచిన గిడ్డంగి తనిఖీదారులారా! ముందుగా మీ అందరికీ తలవంచి క్షమాపణలు. మన రాయి సూర్యుడి చుట్టూ ఆగకుండా తిరుగుతున్నందుకు క్షమించండి. దాని కడుపులోని మంచు చల్లగా ఉన్నందుకు క్షమించండి. సరుకుల నావ ఏడాదికొక్కసారే వస్తున్నందుకు, వచ్చినప్పుడు కందిపప్పు అడిగితే శనగపప్పు దించుతున్నందుకు, క్యాంటీన్ ఉప్మా ఉండలు కడుతున్నందుకు, మా తాతల కాలంలోనే మందులన్నీ పనిచేయడం మానేసినందుకు పూర్తి పూచీ నాదే. వీటిలో ఏ ఒక్కటీ నేను చేయలేదు. అయినా నెత్తిన వేసుకుంటున్నాను. నెత్తి మీద ముందే ఇంత బరువుంటే, అసలు తప్పు పెట్టడానికి ఎవరికీ చోటు దొరకదని ఆశ.

ఇట్లు, గుబ్బల ఫల్గుణ్, ఎం.ఏ. (ప్రకటనల చరిత్ర), పరిశుభ్రతా ప్రచార సహాయకుడు, కొత్తరేవు.

నమోదు 1. ఉప్మావారం

మా రాయి ఒక గ్రహశకలం, ఊరంతా దాని కడుపులోనే. ఇక్కడ పగలూ రాత్రీ లేవు, గంటలే ఉన్నాయి. వారాల పాత పేర్లు కూడా ఎవరికీ గుర్తులేవు. పొద్దున్న క్యాంటీన్‌లో ఏది వండితే ఆ రోజుకు అదే పేరు.

మొదటి గంట మోగగానే నా గొంతు ఊరంతా వినిపించింది. అది నా ఉద్యోగం. "ప్రియమైన కొత్తరేవు వాసులారా! ఆకుపచ్చ సబ్బు వల్ల పది లాభాలు. ఒకటి, రాతిపురుగును సమూలంగా సంహరించును..."

రాతిపురుగంటే మా మంచులో ఉండే, కంటికి కనబడని జీవి. మంచు తవ్వేవాళ్ళ చేతులకు అంటుకుని ఊళ్ళోకి వస్తుంది. చర్మం మీద చిన్న గీత దొరికితే చాలు, లోపలికి దూరి ఎర్రటి పొక్కవుతుంది. పొక్కు జ్వరమవుతుంది. ఆ జ్వరానికి మందు లేదు. క్యాంటీన్‌లో మిగిలిన నూనెతో మేం కాచుకునే నల్లసబ్బు మురికిని వదిలిస్తుంది కానీ, రాతిపురుగు మాత్రం దాంతో తలంటుకుని హాయిగా తల ఆరబెట్టుకుంటుంది. దాన్ని చంపేది నావలో వచ్చే ఆకుపచ్చ సబ్బు ఒక్కటే. ఏటా ఇంటికి అర డజను ఇస్తాం.

జనం దాన్ని వాడుతున్నారో లేదో చూడడానికి క్యాంటీన్‌కు, ఆస్పత్రికి, బడికి గుమ్మాల్లో వాసన చూసే యంత్రాలు బిగించారు. వాటికి ఊరు పెట్టిన పేరు ముక్కమ్మ. ఆకుపచ్చ సబ్బు వాసన తగిలితే "శుభ్రం, దయచేయండి" అంటుంది. తగలకపోతే తలుపు తీయదు.

ఇవాళ ముక్కమ్మ ఎవరినీ ఆపలేదు. నిన్నా ఆపలేదు. ఊరంతా శుభ్రం. ఆస్పత్రిలో మాత్రం మంచాలు నిండిపోయి, చాపలు పరుస్తున్నారు.

మా హైమక్కకు నెలలు నిండాయి. దీనికి ముందు ఇక్కడ కాన్పయిన ఈశ్వరి వదిన బిడ్డకు పేరైనా పెట్టుకోకుండానే జ్వరంతో పోయింది. ఎవరి చేతుల మీదుగా అంటిందో తెలియలేదు. ఆ రోజు లోపలికి వెళ్ళిన ప్రతి చేతినీ ముక్కమ్మ శుభ్రమనే చెప్పింది.

ఉప్మా తినబుద్ధి కాలేదు. ఉండల వల్ల కాదు.

నమోదు 2. పెసరట్టువారం

ఊరి అధ్యక్షులు కోటిలింగం గారు పిలిపించారు. డాక్టరమ్మ నస్రీన్ అప్పటికే అక్కడ ఉన్నారు. ఆవిడ కళ్ళ కింద నలుపు చూస్తే నిద్రపోయి చాలా రోజులైనట్టుంది.

"ఏవయ్యా ఫల్గుణా, నీ సబ్బు పనిచేత్తందా?" అన్నారు కోటిలింగం గారు.

"చేస్తోందండీ. నేను రోజూ మైకులో చెబుతున్నాను కదండీ."

"నువ్వు చెప్పేత్తే పనిచేసేత్తదేటి? పొక్కులు చూసేవా? మా గోడవతలోడికి మెడ మీదకొచ్చేసింది."

డాక్టరమ్మ మెల్లగా అన్నారు: "నేను పరీక్ష చేశానండీ. గాజుపళ్ళెంలో పురుగును వేసి పైన సబ్బునీళ్ళు పోశాను. చచ్చిపోతోంది. పళ్ళెంలో చస్తోంది, ఊళ్ళో చావట్లేదు. అదే నాకు అర్థం కావట్లేదు."

"అంటే పురుగు ముదిరిపోయిందమ్మా. మనుషుల్లాగే." కోటిలింగం గారు బల్ల మీద చరిచారు. "ఇడ్లీవారానికి నావ వచ్చేత్తంది. తిరిగెళ్ళేటప్పుడు ముందుముందు కావలసిన సరుకుల పట్టీ పంపాలి. పనికిరాని సబ్బుకి అంత చోటెందుకు? ఆ చోట్లో కందిపప్పు రమ్మందాం. పోయేవాళ్ళెలాగూ పోతున్నారు, ఉన్నవాళ్ళు పప్పన్నం తిని ఉంటారు."

ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. ఈశ్వరి వదిన ఆయన మేనకోడలు.

బయటికొస్తుంటే డాక్టరమ్మ నా పక్కన నడిచారు. "మీ అక్కకు ఇంకెంతో దూరం లేదు ఫల్గుణ్. నా చేతులకు నేను పూచీ. మిగతావాళ్ళ చేతులకే భయంగా ఉంది."

మిగతావాళ్ళంటే ముఖ్యంగా మంగతాయారు మామ్మ. ఈ రాయి మీద పుట్టిన ప్రతి బిడ్డనూ డాక్టర్ చేతుల్లోంచి అందుకుని, చాచిన కాళ్ళ మీద పడుకోబెట్టి తొలిస్నానం చేయించేది ఆవిడే. ఆ పూట నుంచి పదకొండు రోజుల దాకా బాలింతకూ ఆవిడే నీళ్ళు పోస్తుంది. మామ్మ లేకుండా పురుడంటే అక్క మంచమెక్కనని భీష్మించుకుంది. నన్ను కూడా ఆ కాళ్ళ మీదే బోర్లించి తోమారట. అప్పటి నా వీపు ఇప్పటికీ ఎర్రగానే ఉందని మా బావ అంటుంటాడు.

నమోదు 3. గంజివారం

అక్క వాళ్ళింటికి వెళ్ళాను. అక్క కుర్చీలో కూర్చుని పొట్ట మీద పళ్ళెం పెట్టుకుని బఠానీలు ఒలుస్తోంది.

"పెట్టెలో పాతచీరలు నాలుగు తీసి పెట్టరా. పొత్తిగుడ్డలు చెయ్యాలి. నేను వంగలేను."

పెట్టె మూత ఎత్తాను. ముక్కమ్మకు ఆనందంతో మూర్ఛ వచ్చేంత వాసన. చీరకూ చీరకూ మధ్య ఆకుపచ్చ సబ్బులు. కింద ఇంకో వరస. అడుగున బావ చొక్కాలు, అక్క ఉతికి పెట్టే నా చొక్కాలు, వాటి మధ్య మళ్ళీ సబ్బులు. ఒక్కదాని కవరు కూడా చిరగలేదు.

"ఇవేంటే?"

"సబ్బులు."

"అది తెలుస్తోంది. ఇక్కడేం చేస్తున్నాయి?"

"ఏం చేస్తాయిరా, ఉన్నాయి. చీరలకి మంచి వాసన. రేపెవరైనా చుట్టాలొస్తే పెట్టద్దూ? నల్లసబ్బు చేతికిస్తే ఏమనుకుంటారు?"

"చుట్టాలా? అక్కా, మనకి అతి దగ్గర చుట్టమున్న చోటి నుంచి ఇక్కడికి నాలుగేళ్ళ ప్రయాణం. ఆ నావలో మనుషులకి సీట్లు కూడా లేవు. ఈ ఊరు పుట్టాక ఒక్క చుట్టం వచ్చాడా?"

"అందుకే మరీ జాగ్రత్తగా ఉండాలి. నాలుగేళ్ళు ప్రయాణం చేసొచ్చినవాళ్ళకి వాడిన సబ్బు పెడతామా?"

ఎం.ఏ.లో ఈ పాఠం లేదు.

"మరి మీరు చేతులు దేంతో కడుక్కుంటున్నారు?"

"నల్లసబ్బు. అందరూ దాంతోనే. ఎవరింట్లో చూడు, ఇంతే."

"దాచమని ఎవరు చెప్పారే?"

అక్క నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వే చెప్తావు కదరా రోజూ మైకులో! పది లాభాలు. అంత గొప్ప సబ్బుని చేతులు కడుక్కుని పాడుచేసుకుంటామా?"

నా రచనలకు ఇంతవరకు ఎవరూ విమర్శ రాయలేదు. మొదటిది ఇలా అందింది. నేను పొగిడేకొద్దీ సబ్బుకు గౌరవం పెరిగింది. గౌరవం పెరిగేకొద్దీ అది పెట్టెలో ఇంకా కిందికి వెళ్ళింది. పెట్టెలోని బట్టలు కట్టుకుని వెళ్ళినవాళ్ళకు ముక్కమ్మ దండం పెట్టి తలుపులు తీసింది. నా వంతు సబ్బులు కూడా నేనేనాడో అక్కకు ఇచ్చేశాను. అంటే నల్లచేతులవాళ్ళ జాబితాలో ప్రచార సహాయకుడూ ఉన్నాడు.

ఒక్కసారిగా ఒళ్ళు మండింది. పైనున్న సబ్బు తీసుకుని, కవరు చించి, కుళాయి కింద చేతులు మోచేతుల దాకా తోముకున్నాను.

అక్క పళ్ళెం పక్కన పెట్టి లేవబోయింది. "అయ్యయ్యో! కొత్త సబ్బురా! బంగారంలాంటి సబ్బుని పాడుచేశావు కదరా, నీ చేతులు పడిపోనూ!"

"పడిపోవు. అదే ఈ సబ్బు వల్ల మొదటి లాభం," అని వచ్చేశాను.

నమోదు 4. కిచిడీవారం

చెప్పేశాను. కోటిలింగం గారికీ, డాక్టరమ్మకూ ఎదురుగా నిలబడి మొత్తం చెప్పాను.

కోటిలింగం గారు కాసేపు పైకప్పు చూశారు. "మా ఇంట్లో దేవుడి పటం వెనకాల ఉన్నాయనుకుంటా," అన్నారు చివరికి.

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. "ఆస్పత్రిలో ఆకుపచ్చవే వాడతాను. ఇంట్లో... నేను దాచినవి రెండే."

వెంటనే మైకులో అధ్యక్షుల వారి ఆజ్ఞ వెలువడింది. ప్రతి ఇంట్లో ఆకుపచ్చ సబ్బు కుళాయి పక్కన ఉండాలి, సాయంత్రం గంటకు తనిఖీ చేస్తాం.

తనిఖీకి వెళ్ళాం. మా ఊరివాళ్ళంత క్రమశిక్షణ మరెక్కడా చూడరు. ప్రతి ఇంట్లో ఆకుపచ్చ సబ్బు కుళాయి పక్కనే ఉంది. కవరుతో సహా ఉంది. కొన్నిళ్ళలో కింద చిన్న పీట కూడా ఉంది. ఒకచోట బొట్టు పెట్టారు. తడి తగలకుండా ప్లాస్టిక్ సంచి తొడిగినవాళ్ళు సగంమంది. దాని పక్కన చేతులు కడుక్కోవడానికి నల్లసబ్బు.

"వాడండమ్మా, వాడండి," అని డాక్టరమ్మ దాదాపు బతిమాలారు.

"వాడతామమ్మా, ఎందుకు వాడం? ఈ నల్లసబ్బు అయిపోనీ," అంది ఒకావిడ.

నల్లసబ్బు అయిపోదు. క్యాంటీన్ ఉన్నంతకాలం నూనె ఉంటుంది.

మంగతాయారు మామ్మ ఇంట్లో ఆకుపచ్చవి ఒక గూటి నిండా గోడలా పేర్చి ఉన్నాయి. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏంట్రా, నా ఇంట్లో తనిఖీయా? ఒరేయ్ ఫల్గుణా, నిన్ను శుభ్రం చేసిందే నేను."

చేతి వెనకవైపు, వేళ్ళ మొదట్లో ఆవిడకు సన్నటి గీతలు కనబడ్డాయి. గోరుతో గోకినట్టున్నాయి. పొక్కులు కావు. ఇప్పటికి కావు.

ఆస్పత్రిలో ఇవాళ మరో ముగ్గురు చేరారు. సరుకుల పట్టీలో సబ్బు కొట్టేసి కందిపప్పు రాయడానికి కోటిలింగం గారు కలం మూత తీశారు, మళ్ళీ పెట్టారు. "నావ వచ్చేదాకా చూద్దాం," అన్నారు.

నమోదు 5. ఇడ్లీవారం

నావ వచ్చింది. శనగపప్పే.

సబ్బుల పెట్టెలు గిడ్డంగికి చేర్పించి, తాళం జేబులో వేసుకుని, అక్క ఎలా ఉందో చూద్దామని వెళ్ళాను. కాళ్ళు వాచాయి. కోపం తగ్గలేదు.

"నువ్వు నా ఇంట్లో ఏదీ ముట్టుకోకు," అంది.

చేతులు కడుక్కుందామని కుళాయి దగ్గరికెళ్ళి ఆగిపోయాను. అక్కడ నల్లసబ్బు లేదు. నేను ఆవేళ చించిన ఆకుపచ్చ సబ్బు ఉంది. అరిగి, అంచులు గుండ్రంగా తిరిగి, మధ్యలో వేలి గుంటలు పడి ఉంది.

"ఇది ఎవరు వాడుతున్నారే?"

"మీ బావా నేనూ. ఏం చేస్తాం మరి? నువ్వు వాడేశావు. వాడిన సబ్బు చుట్టాలకి పెట్టలేం. దాచి ఏం లాభం? పారేయలేం కదా."

బావ గదిలోంచి వచ్చాడు. మంచు తవ్వకంలో చేస్తాడు కాబట్టి వారం నుంచి ఆయన మణికట్టు మీద ఎర్ర పొక్కు ఉంది. అందుకే అక్కకు ఆమడ దూరంలో పడుకుంటున్నాడు. ఇవాళ చూపించమన్నాను. పొక్కు ఎండి, గోధుమరంగు చెక్కు కట్టింది. చుట్టూ ఎరుపు లేదు.

"ఏంట్రా అంతలా చూస్తున్నావు? ముద్దెట్టుకుంటావా?" అన్నాడు బావ.

పెట్టుకునేవాణ్ణే. పని గుర్తొచ్చి ఆగాను.

నమోదు 6. పులిహోరవారం

గిడ్డంగి తలుపుకు "సరుకు తనిఖీ జరుగుచున్నది, లోనికి రారాదు" అని బోర్డు తగిలించాను. తనిఖీ జరిగింది. పొద్దున్న గంట నుంచి భోజనం గంట దాకా, ఆ తర్వాత మళ్ళీ. నీళ్ళు చాలా ఖర్చయ్యాయి. మంచురాయి మీద నీళ్ళకు కరువు లేదు కాబట్టి దాని గురించి ఎవరూ అడగలేదు. ఏం జరిగిందన్నది ఈ దినచర్యకు అనవసరం.

సాయంత్రం అక్క నా చేతులు చూసి ఉలిక్కిపడింది. "ఏంట్రా ఇవి? వారం నానబెట్టిన శనగల్లా ఉన్నాయి!"

"ప్రజాసేవ."

క్యాంటీన్ వైపు వెళుతుంటే నేనింకా మలుపు తిరగకముందే ముక్కమ్మ లోపలినుంచి అరిచింది: "శుభ్రం! శుభ్రం! శుభ్రం! దయచేయండి!" వరసలో ఉన్నవాళ్ళంతా ఎవరో పెద్దమనిషి వస్తున్నాడనుకుని పక్కకు జరిగారు.

నమోదు 7. మళ్ళీ ఉప్మావారం

పంపిణీ అయింది. ఊరు భగ్గుమంది.

"కవర్లు చిరిగున్నాయి!" "తడి ఆరిన గుర్తులున్నాయి!" "నా దాని మీద నురగ ఎండి ఉంది!" "ఎవడో వాడిన సబ్బులు పంపారు మనకి!"

క్యాంటీన్‌లో కోటిలింగం గారు బల్ల ఎక్కారు. ఆయన ఇంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"పప్పు మార్చేరు, ఊరుకున్నాం! బియ్యంలో నూక కలిపేరు, ఊరుకున్నాం! ఇప్పుడు భూమ్మీదోళ్ళు చేతులు కడుక్కున్న సబ్బులు మనకంపుతున్నారు! మనవేమన్నా వాళ్ళ పాలేళ్ళమా? ఫిర్యాదు రాత్తాను. నాలుగు పేజీలు రాత్తాను!"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. చర్మం పగిలి ఉండడంతో బాగా నొప్పెట్టింది.

నాకు కావలసింది చప్పట్ల తర్వాత కనబడింది. పక్కబల్ల దగ్గర ఒకాయన భార్యతో అంటున్నాడు: "ఇంక ఇవి చుట్టాలకేం పెడతాం? కుళాయి దగ్గర పడెయ్. అయ్యేదాకా రుద్దుకుందాం." ఆ మాటే మరో రెండు బల్లల దగ్గరా విన్నాను. ఇళ్ళ వెంట నడుస్తూ కుళాయిలు చూశాను. పీటలు లేవు, ప్లాస్టిక్ సంచులు లేవు. తడిసిన ఆకుపచ్చ సబ్బులు, వాటి మీద వేళ్ళ గుర్తులు. కొందరు భూమ్మీదవాళ్ళ మీద కసితో మరీ గట్టిగా రుద్దుతున్నారు.

నమోదు 8. గంజివారం

ఆస్పత్రిలో కొత్తగా ఎవరూ చేరలేదు. డాక్టరమ్మ వరండాలో పరిచిన చాపలు చుట్టి లోపల పెట్టించారు.

"ఏం చేశారో తెలియదు కానీ పనిచేస్తోంది ఫల్గుణ్," అన్నారు. నేను పైకప్పు చూశాను. ఈ విద్య కోటిలింగం గారి దగ్గర నేర్చుకున్నాను.

సంతోషం భోజనం గంట దాకా కూడా నిలవలేదు. మంగతాయారు మామ్మ తన అర డజను సబ్బులూ సంచిలో తెచ్చి నా బల్ల మీద కుమ్మరించింది.

"నాకక్కర్లేదు. తీసుకో."

"ఎందుకు మామ్మా?"

"ఎందుకంటావేంట్రా? ఏ ఊరోడో, ఏ వాడోడో, ఎక్కడెక్కడ రుద్దుకున్నాడో! ఆ ఎంగిలి సబ్బుతో చేతులు కడుక్కుని పసిగుడ్డుని ముట్టుకోమంటావా? నా మడి ఏంగాను?"

"అయితే మీ గూట్లో కొత్తవున్నాయి కదా. వాటిలోంచి ఒకటి..."

"అవి చుట్టాలకి."

"ఆస్పత్రి సబ్బు?"

"అది పదిమంది ముట్టుకునేది. నాకు నల్లసబ్బు చాలు. ఇంతమంది పిల్లల్ని పెంచింది నల్లసబ్బే."

ఊరందరినీ కుళాయి దగ్గరికి తెచ్చిన ఎత్తు, తేవలసిన ఒక్క మనిషిని మాత్రం దూరం చేసింది. ఆవిడ వెళ్ళిపోతుంటే చేతులు చూశాను. ఒక గీత కొస ఎర్రబడింది.

డాక్టరమ్మ ఆవిణ్ణి పురిటిగదిలోకి రానివ్వనన్నారు. అక్క ఏడ్చింది. మామ్మ అలిగింది. ఆఖరికి డాక్టరమ్మే మెత్తబడ్డారు. బిడ్డను అందుకోవడానికి రెండో మనిషి కావాలి, ఊళ్ళో ఆ పని తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. చేతి తొడుగులు ఈ నావలోనూ రాలేదు.

అన్నం ముందు కూర్చుని లేచాను. ఈశ్వరి వదిన కాన్పు రోజున కూడా ఊరంతా శుభ్రంగానే ఉంది.

నమోదు 9. పెసరట్టువారం

భోజనం గంటకు అక్కకు నొప్పులొస్తే ఆస్పత్రికి చేర్చాం. బావ గుమ్మం బయట నేల మీద కూలబడ్డాడు. డాక్టరమ్మ లోపలికి వెళ్ళారు. నేను మామ్మ కోసం పరుగెత్తాను. ఆవిడ అప్పటికే ఉతికిన చీర కట్టుకుని, కొంగు బిగించి ఎదురొస్తోంది. ఆ చీర పెట్టెలోంచి తీసింది. గుమ్మంలో ముక్కమ్మ గౌరవంగా పలికింది: "శుభ్రం, దయచేయండి."

నేను అడ్డం నిలబడ్డాను.

"తప్పుకోరా. లోపల పిల్ల అరుస్తోంది."

"చేతులు కడుక్కోండి మామ్మా."

"కడుక్కునే వచ్చాను."

"ఆకుపచ్చదాంతో."

"ఆ ఎవడో వాడిన..."

"ఎవడో కాదు. నేను."

మామ్మ ఆగింది. బావ తలెత్తాడు.

"ఏంటి నువ్వు?"

"ఆ సబ్బులు వాడింది నేను మామ్మా. భూమ్మీదవాళ్ళు కొత్తవే పంపారు. గిడ్డంగిలో కూర్చుని కవర్లు చించి, ఒక్కోదాంతో ఒక్కోసారి చేతులు కడుక్కున్నాను. కొత్తవైతే దాచేస్తున్నారని."

"ఎన్నింటితో?"

"అన్నిటితో."

"ఊరందరివీనా?"

"ఊరందరివీ."

లోపలినుంచి అక్క కేక వినిపించింది. నా మాట నాకే సరిగా వినబడలేదు. మైకు లేకపోతే నా గొంతు ఇంతే.

"ఈశ్వరి వదిన ఎలా పోయిందో ఎవరికీ తెలియదు మామ్మా. మీ చేతులే అని నేననను. నావి కూడా కావచ్చు. ఆవేళ మంచినీళ్ళు అందించింది నేనే, కడుక్కుంది నల్లసబ్బుతో. కానీ ఇవాళ లోపలున్నది మా అక్క. మీకు దండం పెడతాను."

దండం పెట్టాను. మామ్మ నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. తెల్లగా పాలిపోయి, కణుపుల దగ్గర పగిలి, గోళ్ళ చుట్టూ తోలు లేచి ఉన్నాయి. ఆవిడ బొటనవేలితో ఒక పగులు మీద మెల్లగా నొక్కింది.

"పిచ్చి సన్నాసీ," అంది. "ఎక్కడెక్కడ రుద్దుకున్నావు?"

"చేతులకే మామ్మా. ఒట్టు."

"నా కాళ్ళ మీద పడుకుని నా చీరలెన్ని తడిపావో నీకు తెలుసా? నీ ఎంగిలి నాకు ఎంగిలేంట్రా! ముందే చెప్పి ఏడవచ్చు కదా. తే."

సబ్బు నా జేబులోనే ఉంది, నిన్న ఆవిడ బల్ల మీద కుమ్మరించిన వాటిలోది. మామ్మ గాజులు తీసి నా చేతిలో పెట్టింది. కుళాయి కింద మోచేతుల దాకా, వేలికీ వేలికీ మధ్య, గోళ్ళ కింద తోముకుంది. నురగ వచ్చింది. కడిగి, మళ్ళీ తోముకుంది.

"కోటిలింగానికి చెప్పకు," అంది చేతులు పైకెత్తి లోపలికి నడుస్తూ. "పాపం, నాలుగు పేజీలూ రాసేసుకున్నాడు."

తలుపు మూసుకుంది. బావా నేనూ నేల మీద పక్కపక్కనే కూర్చున్నాం. నా చేతిలో గాజులు గలగలమంటుంటే ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు. చాలాసేపటికి లోపల ఒక సన్నటి గొంతు లేచింది. ఆ వెంటనే మామ్మ గొంతు: "ఏంటే ఆ రాగం? మీ మావయ్య కంటే పెద్ద మైకున్నట్టుంది!"

నమోదు 10. కిచిడీవారం

ఈశ్వరి వదినకు కాన్పయ్యాక జ్వరం వచ్చిన గడువు అక్కకు దాటింది. డాక్టరమ్మ పూటపూటకూ అక్క నుదురు తాకి చూస్తున్నారు. చల్లగా ఉంది. మేనకోడలికి ఆకలేస్తే ఊరంతా లేస్తోంది. మామ్మ చేతి మీద ఎరుపు తగ్గింది.

సరుకుల పట్టీలో సబ్బు మిగిలింది. దాని కింద కోటిలింగం గారు "దయచేసి వాడనివి" అని గీత గీసి రాశారు. నావ వెళ్ళిపోయింది. ఫిర్యాదు కూడా దానితోనే వెళ్ళింది. భూమికి చేరేసరికి నాలుగేళ్ళు పడుతుంది. వాళ్ళు తెల్లబోయి జవాబు రాస్తే రావడానికి ఇంకో నాలుగేళ్ళు. అప్పటికి నేనేదో ఒకటి ఆలోచిస్తాను. వచ్చే నావ సబ్బులకు మాత్రం మళ్ళీ తనిఖీ తప్పదు. మామ్మ సాయం వస్తానంది.

పది లాభాల ప్రకటన ఆపేశాను. ఇప్పుడు పొద్దున్న మైకులో ఒక్కటే చెబుతున్నాను: "ఆకుపచ్చ సబ్బు పెద్ద గొప్పదేమీ కాదు. ఉన్నదేదో వాడేయండి."

ఇక మొదట్లో నెత్తిన వేసుకున్నవన్నీ దించుకుంటున్నాను. రాయి తిరగడానికీ, మంచు చల్లదనానికీ, ఉప్మా ఉండలకూ నాకూ ఏ సంబంధమూ లేదు. చేసిందొక్కటే ఉంది. పురిటిగది గుమ్మంలో మామ్మ అడిగినప్పుడు "అన్నిటితో" అన్నాను. అది అబద్ధం. చివరి పెట్టెలో అడుగున ఉన్న సబ్బును ముట్టుకోలేదు. కవరు చిరగలేదు. ఇప్పుడది నా చొక్కాల మధ్య ఉంది.

రేపెవరైనా చుట్టాలొస్తే పెట్టద్దూ?